బారాత్‌లో డప్పు చప్పుడు వెనకబడితే...

కోనరావుపేట, కోరుట్ల, జగిత్యాల వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు లేదు. చెల్లె పెండ్లికి రాలేనోళ్లు ఇంటికొచ్చినప్పుడు చూసుకునేది వీడియోనే. ఇప్పుడు ముక్కలుముక్కలుగా వాట్సాప్‌లో పోతున్నా, ఇంటి పెద్దలు మాత్రం టీవీ కింద ఉన్న డీవీడీ ప్లేయర్‌లోనే చూస్తామంటారు. అందుకే నేను డిస్కులు చేయడం మానలేదు.

“అన్నా, డిస్కు పడతలేదు” అనగానే అందరూ డిస్కును అనుమానిస్తారు. నేను ముందు ఫైలును చూస్తాను. ఎంపీ4 అనేది డబ్బా పేరు మాత్రమే. లోపల బొమ్మను కుదించిన పద్ధతి, అంటే కోడెక్, హెచ్.264 కావచ్చు, ఇప్పటి ఫోన్లలోని హెచ్ఈవీసీ కావచ్చు. పాత ప్లేయర్‌కు తెలిసింది ఎంపెగ్-2. ఫైలు పేరు మారిస్తే కోడెక్ మారదు. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లోపలి సంగతి చెబుతుంది. మన పాల్ టీవీ పద్ధతికి 720×576 సైజు, సెకనుకు 25 ఫ్రేములు, 48 కిలోహెర్ట్జ్ ఆడియో కావాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కన్వర్టర్‌లో పాల్-డీవీడీ టార్గెట్ ఇస్తే ఇవన్నీ అదే సర్దుతుంది.

ఎక్కువ ఓపిక కావాల్సింది ఆడియో దగ్గర. తలంబ్రాలప్పుడు మాట, పెదవి కలిసే ఉంటాయి. బారాత్‌కు వచ్చేసరికి డప్పు మీద పుల్ల పడ్డాక ఆగి చప్పుడు వినిపిస్తుంది. చాలాసార్లు దీనికి కారణం ఫోన్ వీడియో. వెలుతురు తగ్గినప్పుడు ఫోను ఫ్రేముల వేగాన్ని తగ్గిస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు అది పట్టించుకోవు. ముందే వేగాన్ని స్థిరంగా 25కు మార్చుకుని, ఆ తర్వాతే ఎడిటింగ్‌కు కూర్చోవాలి. పరీక్షించేటప్పుడు మొదటి నిమిషం కాదు, చివరి పది నిమిషాలు చూడాలి.

ఇక నిడివి. 4.7 జీబీ డిస్కులో రెండు గంటల పెండ్లికి ఆడియోతో కలిపి సెకనుకు 5 మెగాబిట్లు దక్కుతాయి. నాలుగు గంటలు కుక్కితే అందులో సగమే. అప్పుడు బారాత్ లైట్ల కింద ఆడేవాళ్ల ముఖాలు గళ్లుగళ్లుగా విడిపోతాయి. ఇంటిల్లిపాదీ వెతికేది ఆ ముఖాలనే కాబట్టి రెండు డిస్కులు చేయడమే న్యాయం.

ఒక్క మాట మనవి చేస్తాను. కన్వర్ట్ చేసిన ప్రతిసారీ బొమ్మ కొంత నష్టపోతుంది, డిస్కు నుంచి అది తిరిగి రాదు. డిస్కు చేతికొచ్చిందని కెమెరా ఫైలును చెరిపేయకండి. రెండు హార్డ్‌డిస్కుల్లో దాచి, ఒకటి బంధువుల ఇంట్లో పెట్టండి.