పచ్చని గుళికల మీద పసుపు గొడుగు

పుట్టగొడుగుకు పత్రహరితం ఉండదు. కుళ్లిన కట్టెనో, సజీవమైన వేరునో ఆశ్రయించి బతకాలి. చెట్లు మొలవని ఆర్కిటిక్ టండ్రాలోనూ, ఎత్తయిన పర్వతాల మీదా చాలా జాతులు నేలబారు విల్లో పొదల వేళ్లతో పొత్తు కలుపుకుంటాయి. లైకెనోంఫాలియా ఆల్పినా అనే పుట్టగొడుగు మాత్రం తన తిండి పండించే కూలీని తన ఇంట్లోనే పెట్టుకుంది.

ముందు పైకి కనిపించేది చూద్దాం. గొడుగు వెడల్పు మహా అయితే రెండు సెంటీమీటర్లు. నడుమ కాస్త గుంట, అంచున సన్నని గీతలు. గొడుగు నుంచి కాడ దాకా తంగేడు పువ్వు లాంటి పసుపు. గొడుగు కింది మొప్పలు ఎడం ఎడంగా ఉండి, కాడ మొదలైన చోట ఆగకుండా దాని వెంట కొంత దూరం కిందికి సాగుతాయి. విత్తనాల పని చేసే సిద్ధబీజాలు తయారయ్యేది ఈ మొప్పల మీదే. ఇంత చిన్న ఒంట్లో ఒక్క భాగమూ వృథాగా లేదు.

అసలు పనితనం కాడ మొదట్లో ఉంది. అక్కడ నాచు మీద, తడి పీట్ నేల మీద మిల్లీమీటరు కన్నా చిన్నవైన పచ్చని గుళికలు పరుచుకుని ఉంటాయి. ఒక్కో గుళిక లోపల కాకోమిక్సా అనే ఆకుపచ్చ శైవలం కణాలు, వాటి చుట్టూ శిలీంధ్రపు పోగులు అల్లిన పొర. శైవలం ఎండను వాడుకుని ఆహారం తయారు చేస్తుంది. శిలీంధ్రం దానికి నీడ ఇచ్చి తన వాటా తీసుకుంటుంది. ఈ అల్లిక ఎంత చక్కగా కుదిరిందంటే, ఇలాంటి గుళికలను శాస్త్రజ్ఞులు చాలాకాలం వేరే శైవలంగా భావించి బోట్రిడినా అని పిలిచారు.

అంటే ఇది పుట్టగొడుగే కాదు, శిలీంధ్రం, శైవలం కలిసి బతికే లైకెన్ కూడా. లైకెన్లలో దాదాపు అన్నిటినీ కట్టేది పుట్టగొడుగులు పూయించని శిలీంధ్ర వర్గం. గొడుగు ఎత్తే లైకెన్లు బహు తక్కువ. ఇలాంటి జాతుల కోసమే 2002లో లైకెనోంఫాలియా అనే ప్రజాతిని ఏర్పరిచారు. గొడుగు వేసవిలో కొన్నాళ్లే నిలుస్తుంది. గుళికల పొర మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది.

స్కాట్లాండ్ కొండలకో, నార్వే పర్వతాలకో, ఆల్ప్స్‌కో నడకకు వెళ్లే తెలుగువారు దారిలో ఈ పసుపు చుక్క కనబడితే కోయకండి. మోకాళ్ల మీద వంగి, భూతద్దం పట్టి, ముందు కాడ మొదలు చూడండి.