మీటు ఆరే వేళ

రాత్రి పదకొండు దాటింది, వీధి సద్దుమణిగింది. ఈమని శంకరశాస్త్రిగారి వీణ పెట్టుకుని కూర్చున్నాను. మీరూ రండి, ఇలా పక్కన కూర్చోండి.

అదిగో, మీటు పడింది. ఒక్కటే మీటు! తంత్రి మెట్టు మీద వంగుతోంది, సాగుతోంది, ఒక స్వరం కడుపులోంచి మరో స్వరం, దాని అంచునుంచి ఇంకొకటి. తేనెధారలా సన్నబడి, పోగై, పోగులో సగమై... ఆగండి, ఇంకా ఉంది, ఇంకా ఉంది! వీణ సొగసంతా మీటు పడడంలో కన్నా ఆరడంలోనే ఉందని నా నమ్మకం.

ఆ చివరి పోగు నిన్నటిదాకా నాకు దక్కలేదు. కంప్యూటర్ నుంచి, అంకెలను ధ్వని సంకేతంగా మార్చే డ్యాక్‌కి యూఎస్‌బీ కేబుల్ ఉండేది. దాని రాగి తీగ వెంట ఎర్త్ దారిన సన్నటి గుయ్ మనే రొద దిగేది. మీటు గట్టిగా ఉన్నంతసేపూ నక్కి ఉండి, స్వరం పలచబడగానే పైకి తేలి దాన్ని మింగేసేది.

ఈ సాయంత్రం దాని బదులు ఆప్టికల్ కేబుల్ పెట్టాను. మూత తీయగానే కొసన గురివింద గింజంత ఎర్రటి వెలుగు! 1983లో తోషిబా తెచ్చిన టాస్‌లింక్ ఇది. లోపల మిల్లీమీటరు మందాన ప్లాస్టిక్ పోగు, అంతే. కరెంటు నడవడానికి దారే లేదు, ఇక రొద ఎక్కడినుంచి వస్తుంది? సెకనుకు 44,100 నమూనాల వీణ వెలుగై ప్రవహిస్తోంది. ఈ దారిన నమూనాల వేళ చెప్పే తాళం కూడా పాటతోపాటే రావాలి, ఆ తాళం తడబడకుండా పట్టుకునే డ్యాక్ ఉండాలి. నాది పట్టుకుంటుంది. బంగారు పూత కేబుళ్ళకు వేలు పోసేవాళ్ళను చూస్తే మాత్రం బాధేస్తుంది. అంకెలు చెక్కుచెదరకుండా చేరాక, వాటికి తీపి అద్దే తీగ లేదు.

ఇప్పుడు వినండి. స్వరం వెనక ఎంత నల్లటి నిశ్శబ్దం! కాటుక పూసినట్టు! అందులో పాత టేపు సొద మంచుపొరలా వినిపిస్తోంది చూశారా? అది ఆనాటి రికార్డింగుది, ఉండనివ్వండి. నా ఇంటి రొద పోయింది, అది చాలు. స్వరం ఆరుతోంది... ఆరింది. తంత్రి మీంచి వేలు లేచిన చిన్న చప్పుడు.

మళ్ళీ మొదటినుంచి పెడుతున్నాను.