ప్రహారమును స్వస్థతయు

రిచర్డ్ గార్ఫీల్డ్ అను గణితవేత్త సృష్టింపగా 1993లో వెలువడిన ‘మేజిక్: ది గ్యాదరింగ్’ అను పేకలక్రీడ యొక్క తొలి ముద్రణమునందే తోబుట్టువులవంటి రెండు ముక్కలు కలవు. ఒక్క ఎఱ్ఱ మానాకు, అనగా ముక్క వెలగా చెల్లించు మంత్రశక్తికి, ప్రత్యర్థికైనను, వాడు దింపిన ప్రాణికైనను 3 దెబ్బలు తగిలించునది లైట్నింగ్ బోల్ట్. ఒక్క తెల్ల మానాకు 3 ప్రాణాంకములను సమకూర్చునది, లేదా 3 దెబ్బలను అడ్డునది హీలింగ్ సాల్వ్. వెల సమానము, సంఖ్య సమానము. అయినను మొదటిది ముప్పది యేండ్లుగా క్రీడాకారుల ఆదరమును చూఱగొనుచుండగా, రెండవదానిని గెలువవలెనను పట్టుదలతో కట్టలో చేర్చినవారు బహు కొద్దిమంది.

ఇందుకు కారణము స్పష్టమే. ఒక్కొక్కరు 20 ప్రాణాంకములతో ఆట నారంభింతురు. అవి సున్న యగువఱకు 20 ఉన్నవానికిని 1 ఉన్నవానికిని పోరాడు శక్తియందు భేదము లేదు. బోల్ట్ శత్రుప్రాణిని కూల్చి, అది చేయబోవు దాడుల నన్నిటిని ఒక్కమాఱుగా నివారించును. సాల్వ్ అట్లు గాక, ఒక్క దాడి ఫలితమును మాత్రము వెనుకకు నెట్టి, చేతిలోని ముక్కను వ్యయపఱచి, శత్రువును యథాస్థానముననే విడిచిపెట్టును. కనుక సగము ప్రహారమునకు, సగము స్వస్థతకు అని ముక్కలను పంచి కూర్చిన కట్ట సమతూకముగా కనుపించునే గాని, దాడికి కావలసినపుడు ఔషధమును, ఔషధము కావలసినపుడు ఖడ్గమును చేతికిచ్చి యజమానిని వంచించును. 2005లో వచ్చిన లైట్నింగ్ హెలిక్స్ రెండు మానాలకు 3 దెబ్బలను, 3 ప్రాణాంకములను ఏకకాలమున ఒసగి ఈ చిక్కును కొంత విడదీసినది. 2006 హోనోలులు ప్రో టూర్ పోటీ సెమీఫైనల్‌లో క్రెయిగ్ జోన్స్ పైముక్కగా తీసి, ఒలివియర్ రూయెల్‌ను ఓడించినది ఈ హెలిక్స్‌తోనే. అయితే అచట పనికివచ్చినది దాని ప్రహారభాగమే గదా!

స్వస్థతయే ప్రహారముగా పరిణమించు మార్గము వేఱొకటి కలదు. నా మనస్సును ఆకర్షించినది అదియే. 1998 నాటి సోల్ వార్డెన్, ఒక్క తెల్ల మానా ప్రాణి, మఱి యే ప్రాణి రంగమున ప్రవేశించినను, అది శత్రువుదైనను సరే, తన యజమానికి 1 ప్రాణాంకము చేర్చును. 2010లో దానికి సోల్స్ అటెండెంట్ అను జోడు లభించినది. ఆ సంవత్సరమే వచ్చిన అజానీస్ ప్రైడ్‌మేట్, రెండు మానాల 2/2 (దాడిబలము 2, ఓర్పు 2) ప్రాణి, యజమానికి ప్రాణాంకములు చేరినప్పుడెల్ల 1/1 చొప్పున పెరుగును. ఇందలి సూక్ష్మమేమనగా, అది పెరుగునది చేరిన సంఖ్యను బట్టి కాదు, చేరిన పర్యాయములను బట్టి. సాల్వ్ ఒక్కపెట్టున 3 ఇచ్చినను ప్రైడ్‌మేట్ ఒక్కమెట్టే ఎదుగును. వార్డెన్ మూడుమార్లు ఒక్కొక్కటి ఇచ్చిన మూడు మెట్లు. తొలి వంతున వార్డెన్‌ను, రెండవ వంతున ప్రైడ్‌మేట్‌ను, మూడవ వంతున మూడు ఆత్మప్రాణులను ఒకేసారి రప్పించు స్పెక్ట్రల్ ప్రొసెషన్‌ను వేసినవాడు, ప్రత్యర్థి అడ్డుపడనియెడల, 24 ప్రాణాంకములతోను 6/6 ప్రైడ్‌మేట్‌తోను నిలుచును.

అందుచేత ఈ మార్గమున కూర్చిన కట్టకు మూలాధారము వార్డెన్, అటెండెంట్ అను ఆ జోడు ప్రాణులే. 60 ముక్కల కట్టలో ఇట్టి ముక్క ఒక్కొక్కటి నాలుగు ప్రతులకు మించరాదు. వార్డెన్లు నలుగురే యున్నచో, తొలి ఏడు ముక్కలలో ఒకటైనను పడు అవకాశము నూటికి 40 పాళ్లు, అటెండెంట్లు నలుగురిని గూడ చేర్చినచో 65 పాళ్లు.

ఇక ఎఱ్ఱరంగు చేర్చినవారి చమత్కారము నోరిన్ ది వేరీ. ఒక్క ఎఱ్ఱ మానా వెలగల ఈ 2006 నాటి భీరువు, ఎవ్వరు మంత్రము ప్రయోగించినను, ఏ ప్రాణి దాడికి కదలినను రంగమునుండి పలాయనము చిత్తగించి, వంతు ముగియువేళ మరల వచ్చును. పోరాటమునకు నిరుపయోగియని చూచినవారెల్లరు త్రోసివేసిన ఆ ముక్కలో, ఒకానొక కల్పకుడు, ప్రతి పునరాగమనమును ఒక ప్రవేశమే యని గ్రహించెను. ఆ గ్రహణశక్తికి నేను మనసార నమస్కరింతును. నోరిన్ తన యజమాని వంతునను, ప్రత్యర్థి వంతునను తిరిగివచ్చినపుడెల్ల వార్డెన్ ప్రాణమిచ్చును, ప్రైడ్‌మేట్ పెరుగును, 2013లో వచ్చిన పుర్ఫొరోస్ అను అగ్నిదేవత రంగమున నున్నచో ప్రత్యర్థికి 2 దెబ్బలు తగులును. పుర్ఫొరోస్ నాలుగు మానాల ముక్క, పైగా ఒక్కటియే నిలువదగినది, కావున రెండు మూడు ప్రతులే మేలు.

ఈ కట్టకు గండము, ప్రతి ప్రాణికిని 2 దెబ్బలు తగిలించు పైరోక్లాజమ్ వంటి మంత్రములు. అట్టిది పడినచో వార్డెన్, అటెండెంట్ ఇరువురును నేలగూలుదురు. నోరిన్ మాత్రము ప్రయోగమును చూచినంతనే పాఱిపోయి బ్రతుకును. అందువలన అనుభవజ్ఞుడు చేతనున్న వార్డెన్ల నందఱిని ఒకేసారి దింపక, ఒకదానిని దాచును. శత్రువు మంత్రము వ్యయమైన పిమ్మట, తన వంతున ఆ దాచినదానిని వేయును. ఆ ప్రయోగమునకే నోరిన్ మరల పాఱిపోయి, వంతు చివర తిరిగి వచ్చి, ఒక ప్రాణాంకమును చేర్చును.