నాపరాయికీ విగ్రహానికీ నడుమ

కర్నూలు, కడప సీమల్లో రాయికి రెండు బతుకులు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల గనుల్లో పొరలు పొరలుగా లేచే నాపరాయి అరుగవుతుంది, మెట్టవుతుంది, వంటింటి గట్టవుతుంది. ఆళ్లగడ్డ శిల్పి చేతిలో పడిన రాయి దేవుడవుతుంది. మొదటిదాన్ని మందంతో, చదరపుటడుగులతో కొలుస్తాం. రెండోదాన్ని శాస్త్రం చెప్పిన కొలతలతో చూస్తాం.

ఈ రెండు కొసల మధ్య నిలబడి పనిచేసినవాడు జపనీస్-అమెరికన్ శిల్పి ఇసాము నొగుచి (1904–1988). జపాన్‌లోని మురేలో రాతిపనివాడు మసతోషి ఇజుమితో కలిసి చేసిన బసాల్ట్ శిల్పాల్లో ఒక ముఖం నున్నగా మెరుస్తుంది. దాని పక్కనే రాయి సహజమైన గరుకు పొర అలాగే ఉంటుంది. ఆళ్లగడ్డ ఉలి రాయిని మరిపిస్తుంది, నొగుచి ఉలి గుర్తుచేస్తుంది. పనితనంలో మనవాళ్లు తీసిపోరు. తేడా వెసులుబాటులో ఉంది. ఆళ్లగడ్డలో పని నడిచేది విగ్రహాల ఆర్డర్లతో. ప్రయోగానికి కూలి కట్టిచ్చేవారు అరుదు.

వాడుక వస్తువునూ నొగుచి చిన్నచూపు చూడలేదు. 1951లో గిఫు ఊరి కాగితపు లాంతర్లు చూసి, మల్బరీ బెరడు కాగితం, వెదురు బద్దలతో అకారి దీపాలు రూపొందించాడు. 1986 వెనిస్ బియనాలేలో అవి శిల్పాలుగా నిలిచాయి, ఇళ్లలో దీపాలుగానూ వెలుగుతున్నాయి. 1985లో న్యూయార్క్‌లో ఆయన తెరిచిన మ్యూజియంలో రాయీ దీపమూ ఒకే కప్పు కింద ఉంటాయి. ఒక్క లోటు: దీపానికి నొగుచి పేరే ఉంది, కాగితం అంటించిన చేతుల పేర్లు వినబడవు.

కళనూ వాడుకనూ కలపడం మనకు అరువు విద్య కాదు. ఒంటిమిట్ట మండపంలో స్తంభం కప్పును మోస్తూనే కథ చెబుతుంది. ఆ కలయికను ఇవాళ్టి చేతుల్లోకి తేవడానికి మ్యూజియం తగిన చోటు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2009లో సిరామిక్స్ గ్యాలరీల్లోనే పనిశాల పెట్టి, సందర్శకుల కళ్లెదుటే కళాకారుల చేత పని చేయించింది. కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియంలో పాత శిల్పాలున్నాయి, చెక్కే చప్పుడు లేదు.

అక్కడొక పనిశాల కావాలి. ఆధునిక కళాకారుడితో పాటు ఆళ్లగడ్డ శిల్పి, ఎర్రగుంట్ల బండ కోసే కార్మికుడు అందులో కూర్చోవాలి. ముగ్గురికీ జీతం, వస్తువు మీద ముగ్గురి పేర్లూ ఉండాలి. నొగుచి చూపును తీసుకుందాం, గిఫులో మిగిలిన ఆ లోటును మాత్రం సీమకు తేవద్దు.