కళాశాలలో వ్యాసరచన

కళాశాలా విద్యార్థి తెలుగువ్యాసము నే భాషలో వ్రాయవలయును? ఈ ప్రశ్న యొకప్పు డాంధ్రపండితులను రెండు పక్షములుగా చీల్చినది. 1913లో జయంతి రామయ్యపంతులుగారు గ్రాంథికమును, గిడుగు రామమూర్తిపంతులుగారు వ్యావహారికమును సమర్థించుచు గ్రంథములు ప్రకటించిరి. 1914లో గురజాడ అప్పారావుగారు మదరాసు విశ్వవిద్యాలయపు తెలుగు వ్యాసరచనా సంఘమునకు దమ యసమ్మతి పత్రమును సమర్పించిరి.

సజీవభాషలోనే విద్యార్థి తన భావమును స్వేచ్ఛగా చెప్పగలడన్నది వ్యావహారికపక్షపు ప్రధానయుక్తి. గ్రాంథికమున వ్రాయుచున్న నేనును ఆ యుక్తిలోని సత్యమును కాదనజాలను. అయినను వివాదమున నెక్కువభాగము రచనయొక్క రూపమును గూర్చియే సాగినది. వ్రాయుటవలన విద్యార్థి కధికముగా నేమి తెలియునన్న ప్రశ్న యుభయపక్షములందును వెనుకబడినది. ఆ లోపఫలము నేటికిని చూచుచున్నాము. పెక్కుచోట్ల వ్యాసమనగా పరీక్షకై కంఠస్థము చేయు వస్తువు.

ఒక యుదాహరణము. దివిసీమ చెంతనున్న శ్రీకాకుళమున నాంధ్రవిష్ణువు స్వప్నమున గనుపట్టి తెలుగుకావ్యము రచింపుమని కృష్ణరాయల నాజ్ఞాపించెనని ఆముక్తమాల్యద యవతారిక చెప్పును. ఈ ఘట్టమునకు సారాంశము వ్రాయుమన్నచో విద్యార్థి టీకను దించును. "కన్నడరాయడని పేరొందిన ప్రభువును తెలుగుననే యేల వ్రాయమనవలసివచ్చెను? కారణములను గ్రంథమునుండియే చూపుము" అన్నచో పుస్తకమును మరల తెరవక తప్పదు. శాస్త్రవిద్యార్థిని సైతము దివిసీమ పొలములకు సముద్రపుటుప్పు ఎట్లెక్కునో యొకపుటలో వ్రాయుమనవచ్చును.

ఇది పరదేశపు పద్ధతి యనరాదు. అవధానమున సమస్యాపూరణము మన కెరుకయే. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తెలుగుపండితులై విశ్వనాథ సత్యనారాయణగారి వంటి శిష్యులను తీర్చిన బందరున దీనిని విప్పి చెప్ప నక్కరలేదు. ఇచ్చిన పాదమును వల్లించినవానికి పూరణము రాదు. అందలి చిక్కును విప్పినవానికే వచ్చును.

ఇన్ని వ్యాసము లెవరు దిద్దుదురని ఉపాధ్యాయు లడుగుదురు. ఆక్షేపణ న్యాయమైనదే. కాని ప్రతిరచనకును మార్కులు వేయ నక్కరలేదు. వారమున కర్ధపుట చాలును. మొదటితడవ యుక్తిలోని దోష మొక్కటి చూపి మరల వ్రాయింపవలయును; అక్షరదోషములు రెండవతడవ దిద్దవచ్చును. మొదటనే యెఱ్ఱసిరాతో పుట నింపినచో విద్యార్థి తప్పునకు వెఱచును గాని యాలోచింపడు.

బందరు, గుడివాడ, అవనిగడ్డ కళాశాలలలోని పండితు లొక్క సంవత్సరము దీనిని పరీక్షించి చూతురుగాక. ఏ భాషలో వ్రాసిరన్న తగ వటుపిమ్మట తీర్చుకొందము.