కరువుకు ముందే కూరమడి

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలలో పని మందగించినప్పుడు ఆ సంగతి పత్రికలకంటె ముందుగా మా వీధిలోని కూరగాయల బండివానికి తెలియును. ఓవర్‌టైము నిలిచిన నెలలో కిలో కొనువారు అరకిలో కొందురు. అరకిలో కొనువారు గుప్పెడు పచ్చిమిరపకాయలతోను, నాలుగు ఉల్లిగడ్డలతోను సరిపెట్టుకొందురు. ఇంటియద్దె తగ్గదు, పిల్లల బడి ఫీజు తగ్గదు, బండి కిస్తు తగ్గదు. బియ్యము మాటకు వచ్చినచో, రేషను కార్డు గల యింటికి మనిషికి 6 కిలోల చొప్పున ముట్టుచున్నవి. 2025 ఉగాది మొదలు సన్నబియ్యమే యిచ్చుచున్నారు. కావున కష్టకాలము తొలుదొల్త చేయివేయునది కూరగిన్నెమీదనే. ఆర్థిక మాంద్యమును గూర్చి ప్రసంగించు పెద్దలు బంగారమును, బ్యాంకు నిల్వను, భూమి ధరను లెక్కింతురు గాని, పచ్చిపులుసుతోనే వారము గడిపిన యింటిని ఎవరును లెక్కలోనికి తీసికొనరు. నేను స్వావలంబనమును గూర్చి ఆలోచించునప్పుడెల్ల ఆ గిన్నెయొద్దనే ఆరంభింతును.

మాకు సమీపమున తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1958లో కూనూరునుండి హైదరాబాదుకు తరలివచ్చిన ఆ సంస్థవారు, 2024లో వెలువరించిన ఆహార సూత్రములలో, మనిషికి దినమునకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు వలయునని చెప్పిరి. నలుగురున్న యింటికి నెలకు 48 కిలోలు! 2023 జూలైలో టమాటా కిలో 150 రూపాయలు దాటిన దినములను తలచుకొన్నవారికి ఈ యంకె యెంత బరువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

మన మిద్దెమీదనే మడులు కట్టుకొన్నచో ఈ 48 కిలోలు పండునా యన్నచో, సామాన్యమైన యింటిమీద పండవనియే చెప్పవలెను. సొర, బీర, వంగ ఒక నెల విరివిగా కాసి, మరొక నెల మొగము చాటు చేయును. ఆకుకూరల విషయము వేరు. మెంతికూర 25 దినములలో, తోటకూర నెల లోపల కోతకు వచ్చును. పాలకూర మొదలు చెడకుండ కోసినకొలది చిగిర్చును. బచ్చలితీగయు, పుంటికూరయు, కరివేపయు, జాగా యున్నచో పెరటి మూలనొక మునగయు ఒకసారి కుదురుకొన్న పిమ్మట మన యశ్రద్ధను గూడ సహించును. ఇంటికి వలసిన కూరలో నాల్గవవంతు ఆకుకూర యనుకొన్నను, దినమునకు 400 గ్రాములు. అంతమాత్రము మడులను వంతులవారీగా విత్తుకొనువారికి అసాధ్యము కాదు. అందుచేత ఎవరైన తోటను గూర్చి నన్నడిగినప్పుడు, టమాటాలను తరువాత చూచుకొనవచ్చును, ముందు ఆకుకూరలు వేయుడని చెప్పుచుందును. మరియొక కారణము గూడ కలదు. ఉప్పల్ దాటిన పిమ్మట మూసీ వెంబడి మురుగునీటితో పెరిగిన ఆకుకూర చౌకగా దొరకును. చౌకయైన దానినే కొనవలసిన దినములలో అదియే మన పళ్ళెములోనికి వచ్చును.

అయితే ఈ విద్య కష్టము వచ్చిన పిమ్మట నేర్చుకొందమన్న నేర్చుకొనదగినది కాదు. నేను ముఖ్యముగా చెప్పదలచిన దిదియే. ఎర్రమట్టి, మాగిన పశువుల యెరువు, కొబ్బరిపొట్టు, కొంచెము వేపపిండి కలిపి నింపిన మడి మొదటియేట మందకొడిగా నుండి, వంటింటి తొక్కలును రాలిన ఆకులును అందులో కుళ్ళి, వానపాములు చేరి, రెండవ యేటగాని జీవము పుంజుకొనదు. వేలితో నొక్కి మట్టిలోని తడిని గ్రహించుట, ఆకు అడుగున పేనుబంక తొలి మచ్చగా నున్నప్పుడే కనిపెట్టుట, ఏ తీగకు ఏ మూల యెండ సరిపడునో యెరుగుట — ఇవి ఋతువులు తిరిగినకొలది చేతికి వచ్చునవేగాని, జీతమాగిన నెలలో హఠాత్తుగా కలుగునవి కావు. రెండవ ప్రపంచయుద్ధము నడుమ, 1943లో, అమెరికాలో రెండుకోట్ల పెరటితోటలు వెలసినవని చెప్పుకొందురు. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917లోనే, ఆ ప్రజలకు ఆ యలవాటు కొంత పడియుండెనను సంగతిని మాత్రము తలపరు. రెండవ యుద్ధకాలముననే మన దేశమున అధికాహారోత్పత్తి యుద్యమము ఆరంభమైనది. కాని 1943లో వంగదేశమున లక్షలమంది ఆకలికి బలియైరి. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోగా క్యూబాకు ఇంధనమును, ఎరువులును నిలిచిపోయినవి. హవానా నగరపు ఖాళీస్థలములు నేడు కూరగాయల మడులైనవని మెచ్చుకొనువారు, ఆ మడులు చేతికి అందివచ్చులోపల ఆ జనులు చిక్కిపోయి గడిపిన యేండ్లను గూడ జ్ఞప్తియందుంచుకొనవలెను.

మనకు ఆదర్శమునకై దూరము పోనక్కరలేదు. ఉప్పల్‌నుండి వరంగల్ దారిని పోగా వచ్చు నారపల్లిలో, కథారచయితగా సింగరేణి జీవితమును చిత్రించిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన యింటిమీద మడులు కట్టి కూరగాయలు పండించి, మిద్దెతోటను గూర్చి పుస్తకము వ్రాసి, ఎందరి చేతనో విత్తులు పట్టించిరి. ఉమ్మడి రాష్ట్రమున ఉద్యానశాఖవారు సైతము ‘మన ఇంటి కూరగాయలు’ అను పేర సగము రాయితీమీద సంచులు, విత్తనములు ఇచ్చియుండిరి. ప్రభుత్వమిచ్చిన సంచి ఎండకు చివుకును. చూచి నేర్చినది నిలుచును.

విత్తనమును గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి విత్తనపు దుకాణములు మూతపడినప్పుడు, మట్టి యున్నవారు సైతము విత్తు లేక ఊరకుండిరి. దుకాణపు సంకరజాతి విత్తనము మొదటి కాపు ఘనముగా ఇచ్చినను, దాని గింజను మరల నాటినచో తల్లివంటి బిడ్డ పుట్టదు, ప్రతియేట కొనుచుండవలసినదే. నాటు చిక్కుడు అట్లు కాదు. ఆషాఢ శ్రావణములలో గింజ పెట్టిన తీగ కార్తీకము నాటికి పూతకు వచ్చి సంక్రాంతివరకు విడువక కాయును. అందులో తొలి కాపున పుష్టిగలిగిన కాయలకు దారము కట్టి, ఎవ్వరును కోయకుండ తీగమీదనే ఎండనీయవలెను. బీరకాయను సైతము పీచై, ఊపినప్పుడు గింజలు గలగలలాడువరకు ఉంచవలెను. వంగను పసుపువన్నెకు మాగనిచ్చి గింజలు కడిగి నీడలో ఆరబెట్టవలెను. ఆరిన గింజలకు జల్లించిన కట్టెబూడిద పట్టించి సీసాలో పోసి, పేరును సంవత్సరమును వ్రాసిన కాగితము లోపలవేసి మూతబిగించుట మా యమ్మ పద్ధతి. నేనును అదియే అనుసరించుచున్నాను. కాయలలో శ్రేష్ఠమైన దానిని నోటికీయక విత్తునకు విడుచుట చిన్నదానివలె కనబడునుగాని, ఇంట లేమి యున్న దినమున ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును. ఆ నియమమును కడుపు నిండిన కాలముననే అలవరచుకొనవలెను.

అట్లే వరుగులు. రోహిణికార్తె యెండలను హైదరాబాదు మిద్దెలమీద మనము శాపముగా భావింతుము. గోరుచిక్కుడు, కాకర, దోస తరిగి ఉప్పు పట్టించి చాపమీద పరచినచో ఆ యెండయే మూడు నాలుగు దినములలో వానిని గలగలలాడునట్లు చేయును. చల్ల మిరపకాయలు, గుమ్మడి వడియములు, మామిడి వరుగులు — వానకాలమున ధరలు పెరిగినప్పుడు ఇవి పప్పులోను పులుసులోను పడి ఒక్క పూటనైనను గట్టెక్కించును. శీతలపెట్టె పనిచేయుటకు కరెంటు బిల్లు కట్టవలెను, చాపకు అక్కరలేదు.

తక్కిన జాగ్రత్తలు క్లుప్తముగా చెప్పెదను. తడిసిన మట్టి ఘనపుటడుగునకు ఇంచుమించు 45 కిలోలు తూగును. కావున మడులను దూలములమీదుగా, గోడల వెంబడి అమర్చవలెను. వేసవిలో నీడవల తప్పదు. పారిశ్రామికవాడను ఆనుకొన్న కాలనీలలో బోరునీటిని పరీక్ష చేయింపక ఆకుకూరలకు పోయరాదు. బియ్యము, పప్పు కడిగిన నీటిని మాత్రము నిశ్చింతగా వాడవచ్చును.

ఇంతవరకు నేను చెప్పినది మిద్దె గలవారికి. నాచారం, మల్లాపూర్ కర్మాగారములలో పనికై వచ్చి ఒక గది అద్దెకు తీసికొన్న కుటుంబమునకు మిద్దెయేది? కూరగిన్నె ముందుగా ఒట్టిపోవునది వారిదే గదా! జహీరాబాదు ప్రాంతమున 1983నుండి పనిచేయుచున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ స్త్రీలు, చిన్నకమతముల పేదలు, తమ విత్తనములను తామే దాచుకొని, పొలము గట్ల మొలచు కూరలను సైతము ఆహారముగా గౌరవించి, 2019లో ఈక్వేటర్ బహుమానమును పొందిరి. వారికి బలమైనది సంఘము. మా యొద్ద గూడ నల్లగొండ, వరంగల్ పల్లెలనుండి వచ్చిన ముదుసలులు తొలకరి పడగానే ఖాళీ ప్లాట్లలో గంగవాయిలిని, పొన్నగంటిని గుర్తించి ఒడి నింపుకొని పోవుచుందురు. వారి విద్యకు మన మడులు తోడుకావలెను. ఇంటియజమానులు తమ మిద్దెమీద కొంత భాగమైన అద్దెకుండువారికి విడువవలెనని మా కాలనీ సంఘమునకు వ్రాసితిని. ఇద్దరు సమ్మతించిరి. చిక్కుడు, బీర, తోటకూర విత్తనములు నేనిచ్చెదను. మిరుగము లోపల మట్టి, ఎరువు మెట్లమీదుగా పైకి చేర్పవలెను, దానికి ఆదివారమునాడు వచ్చి చేయివేయువారు కావలెను.