కూతవేటు దూరంలో అతిశయోక్తి

అలంకారాలంటే పదో తరగతిలో మార్కుల కోసం బట్టీ పట్టేవి అనుకునేవాళ్లు ఒక పూట చేవెళ్ల కూరగాయల మార్కెట్లో నిలబడాలి. 'టమాట పడిపోయింది' అంటారక్కడ. పడింది ధర. మాట నేరుగా ఇచ్చే అర్థం పొసగకూడదు, పొసగే అర్థానికి దానితో సంబంధం ఉండాలి, అలా అనడం రూఢి అయినా కావాలి లేదా దానికో ప్రయోజనమైనా ఉండాలి. ఈ మూడూ కుదిరితే లక్షణ అన్నాడు కావ్యప్రకాశంలో మమ్మటుడు. హైదరాబాదీని 'గండిపేట నీళ్లు తాగినవాడు' అనడమూ అంతే. మొయినాబాద్ పక్కన 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట చెరువు, మనిషి ఊరునూ తీరునూ ఒక్క గుక్కలో చెప్పేస్తుంది.

అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డు వెంట వందలాది మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీయడంపై వివాదం హరిత ట్రిబ్యునల్‌కు ఎక్కింది. 'మర్రి గొడుగులా ఉంది' అంటే ఉపమ. మర్రి ఉపమేయం, గొడుగు ఉపమానం, 'లా' ఉపమావాచకం. సమానధర్మమైన నీడను పైకి అనలేదు కనుక లుప్తోపమ. 'మర్రిగొడుగు కింద బస్సు ఆగింది' అంటే రూపకం. 'వెడల్పు కబురు విని నేలను పట్టుకుందా అన్నట్టు ఊడలు దించింది' అంటే ఉత్ప్రేక్ష. నా ఓటు దీనికే. ఉపమ పోల్చి ఊరుకుంటుంది, ఉత్ప్రేక్ష చెట్టుకు ఒక మనసును కల్పిస్తుంది. చెట్టు పేరెత్తకుండా 'ఆ గొడుగుల్ని నరక్కండి' అంటే రూపకాతిశయోక్తి. ఉపమానం ఉపమేయాన్ని మింగేసింది. మన పొడుపు కథలు చాలావరకు ఇలాంటివే. విప్పడమంటే మింగినదాన్ని కక్కించడం.

మాట వినని కొడుకు సంగతి చెప్పి 'మొక్కై వంగనిది మానై వంగునా' అంటే దృష్టాంతం. వాడి ఊసెత్తకుండా, వాడికి వినబడేలా సామెత ఒక్కటే విసిరితే అప్రస్తుతప్రశంస. ఈ రెండోదాంట్లో మన అత్తాకోడళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఓరుగల్లు కొలువులో విద్యానాథుడు ప్రతాపరుద్రీయమనే అలంకారశాస్త్రం రాసిన నేల ఇది. మెదకు సీమ కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసు శ్లోకాలను విప్పుతూ ఎక్కడ ఏ అలంకారం ఉందో చూపిస్తూ పోయాడు. అది పాఠకుడు అర్థం దగ్గర తప్పిపోకుండా చేసిన సాయం.

ఆ సాయం ఇప్పుడు చేవెళ్ల దారిలోనే ఎక్కువ అవసరం. వెంచర్ల బోర్డులన్నీ 'సిటీకి కూతవేటు దూరం' అంటాయి. కావ్యంలో అతిశయోక్తిని చెప్పేవాడికీ వినేవాడికీ అది అతిశయోక్తేనని తెలుసు. ఆనందం అక్కడే ఉంది. బోర్డు మీద ఆ సంగతి కొనేవాడికి తెలియకపోతేనే బేరం కుదురుతుంది. బడిలో అలంకారాలు చెప్పే పంతుళ్లు పిల్లల చేత ఆ బోర్డులు కూడా చదివించాలి. ప్లాటు చూడ్డానికి వెళ్లే పెద్దలు కూతవేటంటే ఎన్ని కిలోమీటర్లో అడిగి, కాగితం మీద రాయించుకోవాలి.